రొయ్యల చెరువు లాగర్‌లో లాక్ చిక్కు: సమాధానం

కోట మండలంలోని చెరువు దగ్గర పెట్టిన లాగర్‌లో (కొలతలు నమోదు చేసే పరికరంలో) ఒక టాస్క్ (విడిగా నడిచే ప్రోగ్రామ్ భాగం) ఆక్సిజన్ కొలతలను ఎస్‌డీ కార్డులో రాస్తుండగా, వాటిని మొబైల్ మోడెం ద్వారా పంపే జీఎస్‌ఎం టాస్క్ అదే కార్డును చదివినప్పుడు ఫైల్ పాడయ్యేదని, దాన్ని ఆపడానికి బైనరీ సెమాఫోర్ (ఒకసారికి ఒక టాస్కునే లోనికి వదిలే జెండా) పెట్టాక కొలతలే ఆలస్యమవుతున్నాయని మీరు రాశారు. ఇవి రెండు వేర్వేరు తప్పులు.

ముందు ఫైల్ పాడయ్యే సంగతి. కార్డులోని ఫైళ్లను చూసుకునే లైబ్రరీ ఫ్యాట్‌ఎఫ్‌ఎస్‌లో రీఎంట్రంట్ అమరిక (పలు టాస్కులు ఒకేసారి పిలిచినా చెడకుండా ఉంచేది) మొదట 0గా ఉంటుంది. దాన్ని 1 చేసి, మ్యూటెక్స్ (పట్టుకున్న టాస్కే వదలవలసిన లాక్) ఫంక్షన్లను మీ ఆర్‌టీఓఎస్‌కు (టాస్కులను నడిపే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్‌కు) కలిపితే ప్రతి వాల్యూమ్‌కూ (కార్డులాంటి ఒక్కో నిల్వ భాగానికీ) ఒక లాక్ ఏర్పడుతుంది. మౌంట్ (కార్డును వాడకానికి సిద్ధం చేయడం), ఫార్మాట్ పనులకు ఈ రక్షణ లేదు కనుక వాటిని టాస్కులు మొదలవకముందే ముగించండి. లాక్ కోసం ఎంతసేపు ఆగాలో చెప్పే టైమౌట్ విలువ మిల్లీసెకన్లలో కాదు, టిక్కుల్లో (ఆర్‌టీఓఎస్ గడియారపు అడుగుల్లో) ఉంటుంది: 1000 అని ఉంచితే, టిక్ రేటు 100 హెర్ట్జ్ అయినప్పుడు అది 10 సెకన్ల నిరీక్షణ. నేనూ ఇక్కడే ఒకసారి బోర్లా పడ్డాను.

ఇక రెండోది, ఆలస్యం. దానికి కారణం మీరు పెట్టిన కోడ్‌లోనే కనబడుతోంది. జీఎస్‌ఎం టాస్క్ సెమాఫోర్ పట్టుకుని, మోడెం జవాబు వచ్చేదాకా వదలడం లేదు; ఈలోగా మధ్యస్థ ప్రాధాన్యం గల డిస్‌ప్లే టాస్క్ ఆ జీఎస్‌ఎం టాస్కును పక్కకు నెడితే, అన్నిటికన్నా ముఖ్యమైన సెన్సర్ టాస్క్ చేతులు కట్టుకుని నిలబడవలసి వస్తుంది. ఫ్రీఆర్‌టీఓఎస్ అనే ఆర్‌టీఓఎస్‌లో ప్రాధాన్య వారసత్వం (లాక్ పట్టుకున్న టాస్కుకు, దానికోసం ఆగిన టాస్కు ప్రాధాన్యం తాత్కాలికంగా ఇవ్వడం) మ్యూటెక్స్‌కే ఉంది, బైనరీ సెమాఫోర్‌కు లేదు. మ్యూటెక్స్‌కు మారినా, 512 బైట్ల చొప్పున బఫర్‌లోకి (తాత్కాలిక మెమరీలోకి) చదివి, లాక్ వదిలాకే మోడెంకు పంపండి.

గంటకో ఫైల్ రాసి, మూసినదాన్నే పంపితే సగం తలనొప్పి అసలు రాదు.