ప్రభుత్వ విధానాలపై ఆట తయారుచేయబోతున్న నీకు

చిరంజీవికి ఆశీస్సులు.

బడ్జెట్ గురించి పౌరులకు అవగాహన కలిగించే ఆట రూపొందిస్తున్నానని నువ్వు రాసిన ఉత్తరం చదివి ఎంతో సంతోషించాను. పన్నులు పెరగకూడదనీ, ఆసుపత్రులూ రోడ్లూ పింఛన్లూ మాత్రం మెరుగుపడాలనీ అందరూ కోరుకుంటారు. ఒకదానికి కేటాయించిన డబ్బు మరొకదానికి మిగలదన్న సంగతి ఉపన్యాసంతో కంటే, ఆ కోత తన చేత్తో తానే వేయవలసి వచ్చినప్పుడు బాగా మనసుకెక్కుతుంది.

అయితే ఆటలో సరదా ఒక్కటే మిగిలిపోయే ప్రమాదం ఉంది. అమెరికాలో ఎలిజబెత్ మేగీ 1904లో పేటెంట్ పొందిన 'ల్యాండ్‌లార్డ్స్ గేమ్' అనే బోర్డు ఆట భూమిపై గుత్తాధిపత్యం వల్ల కలిగే కీడును చూపడానికి పుట్టింది. తర్వాత ఆమె దానికి రెండు రకాల నియమాలు పెట్టింది: ఒక పద్ధతిలో ఒక్కరే అందరినీ దివాలా తీయిస్తారు, రెండో పద్ధతిలో సంపద అందరికీ చేరుతుంది. దాని నుంచే వచ్చిన మొనోపలీ ఆటలో మొదటి పద్ధతి ఒక్కటే మిగలడంతో, పోల్చి చూసుకునే వీలూ దానితోపాటు పాఠమూ పోయాయి. అందుకే ఒకే పరిస్థితిని రెండు వేర్వేరు విధానాలతో ఆడించమని నీకు గట్టిగా చెబుతున్నాను.

అంతకంటే ముఖ్యమైనది నీ లెక్కల నిజాయితీ. పన్ను పెంచితే వ్యాపారాలు ఎంత తగ్గుతాయి, బడికి నిధులిస్తే ఫలితం ఎన్నేళ్లకు కనబడుతుంది అన్నవి నువ్వు చేసుకున్న ఊహలే, కానీ తెర మీద అవి ప్రకృతి నియమాల్లా కనిపిస్తాయి. 1989లో వచ్చిన సిమ్‌సిటీ అనే నగర నిర్మాణ కంప్యూటర్ ఆట మీద, నగరాల ఎదుగుదలను కంప్యూటర్ లెక్కలతో చూపిన అమెరికన్ శాస్త్రవేత్త జే ఫారెస్టర్ నమూనాల ప్రభావం ఉంది. ఆడేవారిలో ఎందరికి ఆ సంగతి తెలుసు? ప్రతి ఊహనూ ఆటలోనే బయటపెట్టి, ఆడేవారు దాన్ని మార్చి చూసే వీలు కల్పించు.

ఒకే సరైన జవాబు ఉందన్న భావన రానివ్వకు. అమెరికా ప్రభుత్వ రుణంపై 2016లో వచ్చిన 'ఫిస్కల్ షిప్' అనే ఆట ముందుగా ఆటగాడి లక్ష్యాలేమిటో అడుగుతుంది. అది మంచి పద్ధతి.

ఆట ముగిశాక చర్చకు తప్పనిసరిగా సమయం ఉంచు. ఎవరు దేనిని వదులుకున్నారో, ఎందుకో ఒకరికొకరు చెప్పుకున్నప్పుడే అసలు అవగాహన కలుగుతుంది.

మొదటి నమూనాను కాగితం మీదే తయారుచేసి, నీ రాజకీయ అభిప్రాయాలతో ఏకీభవించనివారి చేత ముందుగా ఆడించు. లెక్క ఒకవైపు మొగ్గిందని వారు చూపినచోట వెంటనే దిద్దుకోవచ్చు.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి