రోజూ పీచుతో రుద్దుకుంటే చర్మం శుభ్రపడి తెల్లబడుతుందా?

రుద్దకండి. మీ ప్రశ్నకి జవాబు అంతే, మిగతాదంతా నా కడుపుమంట.

మా చెల్లెలి పెళ్లికి ముందు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక పార్లర్‌కి ట్యాన్ తీయించడానికి తీసుకెళ్లాను. అక్కడి అమ్మాయి ఏదో గరుకు క్రీము రాసి చెంపని బొటనవేలితో రుద్దుతుంటే బూడిదరంగు నలకలు ఉండలు కట్టి రాలాయి. "చూశారా మేడమ్, ఎంత మురికో!" అని టిష్యూ మీద పెట్టి మరీ చూపించింది. మర్నాడు పెళ్లికూతుర్ని చేస్తూ పిన్ని నలుగు పెట్టిందో లేదో, చెల్లి "మంట, మంట" అంటూ లేచిపోయింది. బుగ్గలు కందిపోయి, అక్కడక్కడ చెమ్మ ఊరుతోంది. పార్లర్‌కి ఫోన్ చేస్తే, "రక్తం రాలేదు కదా మేడమ్, పైపైనే" అన్నారు.

రక్తం ఎక్కణ్ణుంచి వస్తుంది? చర్మం పైపొరలో రక్తనాళాలే ఉండవు. అడుగు వరసలో పుట్టిన కణాలు పైకి జరుగుతూ, కెరటిన్ అనే గట్టి ప్రొటీన్ నింపుకుని, చచ్చి బల్లపరుపై, పెంకు మీద పెంకు పరిచినట్టు సర్దుకుంటాయి. సందుల్లో కొవ్వు. ఒంట్లో తడి బయటికి పోకుండా, బయటి క్రిములు లోపలికి రాకుండా ఆపేది అదే. పుట్టి రాలేసరికి సుమారు నాలుగు వారాలు. అరికాల్లో ఈ పైపొర మిల్లీమీటరున్నర దాకా ఉంటుంది, కనురెప్ప మీద 0.05 మాత్రమే. ఆ అమ్మాయి చూపించిన 'మురికి'లో చాలాభాగం ఈ పెంకులే!

దీనికి తోడు మన బోరు నీళ్లు. వాటిలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి ఒంటికి జిడ్డులా అంటుకుంటాయి. అది వదలట్లేదని మళ్లీ సబ్బు, మళ్లీ పీచు. చర్మం పీహెచ్ 5 దగ్గర, అంటే కాస్త ఆమ్లగుణం; మామూలు సబ్బుది 9, 10, అంటే క్షారం, ఆ పెంకుల పొరకి అదీ దెబ్బే. నన్నడిగితే, చలికాలంలో ఈ ఊళ్లో దురద అని గోక్కునేవాళ్లలో సగం మందికి జబ్బేం లేదు, పీచే. మా అపార్ట్‌మెంట్‌లో నీళ్లలో ఆ కాల్షియం, మెగ్నీషియం తీసేసే సాఫ్ట్‌నర్ పెట్టిస్తామని మెయింటెనెన్స్ పెంచారు. పెరిగింది మెయింటెనెన్స్ ఒక్కటే.

ఇక తెల్లబడటం. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారుచేసే కణాలు ఆ అడుగు వరసలో కూర్చుని ఉంటాయి. వాటి సంఖ్య తెల్లవాళ్లకైనా నల్లవాళ్లకైనా దాదాపు ఒకటే, తయారయ్యే రంగులోనే తేడా. పైన గీకితే అవి ఆగవు. వాపూ మంటా పుడితే ఇంకాస్త ఎక్కువ పని చేస్తాయి. చెల్లి బుగ్గల మీద ఎరుపు పోయాక గోధుమరంగు మచ్చలు వచ్చింది అందుకే. ఎండకి వచ్చిన ట్యాన్, మళ్లీ ఎండలో తిరక్కపోతే ఆ పైపెంకులతోపాటే మెల్లగా రాలిపోయేది. దానికి మా దగ్గర 1500 తీసుకున్నారు.