తర్కం నేర్చుకుంటున్న మేనల్లుడికి

అమలాపురం

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

తర్కదోషాలు, అంటే వాదనలో దొర్లే పొరపాట్లు, నేర్చుకుంటున్నావని, నెట్‌లో యాభై పేర్ల పట్టిక దొరికిందని రాశావు. ఆ పట్టికను కొన్నాళ్లు పక్కన పెట్టరా. ముందు పేర్లు పట్టుకున్న కుర్రాళ్లు ఎదుటివాడి మాట పూర్తవకుండానే దోషం పేరు చెప్పేసి గెలిచామనుకుంటారు. వాదనలో దోషం ఉంటే ఆ వాదన పడిపోతుంది గానీ, చెప్పిన సంగతి అబద్ధమైపోదు. "కాకులు అరుస్తున్నాయి కాబట్టి వరదొస్తుంది" అన్నది పనికిరాని కారణమే. అయినా వరద రావచ్చు. సంగతి నిజమా కాదా తేల్చడం వేరే పని. నువ్వు నేర్చుకోవాల్సింది అదే.

మొదట్లో నాలుగైదు దోషాలు చాలు. మన డెల్టాలో ఎక్కువ డబ్బు తినేసేది ఒకటుంది: ముందు ఇది చేశాం, తర్వాత అది జరిగింది, కాబట్టి ఇదే కారణం. కాకతాళీయం అని మనవాళ్లు ఎప్పుడో పేరు పెట్టారు. రొయ్యల చెరువు మందుల వీడియోలు చూడు. "ఈ పొడి వేశాం, వైట్ స్పాట్ రాలేదు" అంటాడు రైతు. వైట్ స్పాట్ అంటే రొయ్యల్ని చంపే తెల్లమచ్చల వైరస్ జబ్బు. ఆయన అబద్ధం చెప్పడం లేదు. కానీ ఆ పంటకి వైరస్ ఉందో లేదో పీసీఆర్ పరీక్షలో చూసిన సీడ్ (రొయ్య పిల్లలు) వేశాడా? చెరువు మీద కాకులు వాలకుండా తాళ్లు, గట్టు చుట్టూ పీతలు రాకుండా వల కట్టాడా? వేసవి పంటా, చలికాలం పంటా? ఆ వైరస్ చలి రోజుల్లోనే ఎక్కువ విరుచుకుపడుతుంది. వేసవిలో వేసిన పొడికి వేసవి చేసిన మేలు కూడా జమ అయిపోతుంది.

ఇలాంటిది ఎదురైతే కాగితం మీద నాలుగు గడులు గియ్యి. పైన రెండు: మందు వేసి బతికినవి, వేసి పోయినవి. కింద రెండు: వెయ్యకుండా బతికినవి, వెయ్యకుండా పోయినవి. ఉదాహరణకి 40 చెరువుల్లో వేస్తే 32 నిలిచాయనుకో. ఘనంగా కనిపిస్తుంది. వెయ్యని 10 చెరువుల్లో 8 నిలిచాయనుకో. రెండు చోట్లా నూటికి ఎనభై! మందు చేసిందేమీ లేదు. కానీ వీడియోలో మాట్లాడేది ఆ 32 మందే. చెరువు పోయిన ఎనిమిది మందినీ ఎవడూ మైకు ముందు కూర్చోబెట్టడు. మందు వెయ్యని వాళ్ల సంగతి అసలు ఎవరూ అడగరు. మొదటి గడి ఒక్కటే చూపించి నిన్ను ఒప్పించబోతే, "మిగతా మూడు గడులు ఏవండీ?" అని అడుగు.

మీ నాన్న వరిలో ఏదైనా కొత్త టానిక్ కొడతానంటే ఇదే పద్ధతి చేలో పెట్టించు. ఒకే వంగడం, ఒకే రోజు ఊడ్చిన చేనులో పక్కపక్కన రెండేసి మళ్లు, మూడు చోట్ల. ప్రతి జతలో ఏ మడికి కొట్టాలో బొమ్మా బొరుసూ వేసి తేల్చండి. నచ్చిన మడికి కొడితే కాలవ పక్కన బలంగా ఉన్నదానికే కొడతారు. ఎరువు, నీరు సమానంగా పెట్టి, కోసినప్పుడు ఒక్కో మడి ధాన్యం విడిగా కాటా వేసి, మడి విస్తీర్ణంతో భాగించాలి. కంటి అంచనా వద్దు. డబ్బు పెట్టి కొన్న మందు కొట్టిన చేను ఎప్పుడూ పచ్చగానే కనిపిస్తుంది.

రెండోది, ఒకే మాటని రెండర్థాల్లో వాడటం. గోదారి పొంగినప్పుడల్లా "మూడో ప్రమాద హెచ్చరిక!" అని వాట్సాప్‌లో తిరుగుతుంది. ఎక్కడ? భద్రాచలంలో అయితే నీటిమట్టం 43, 48, 53 అడుగుల దగ్గర మూడు హెచ్చరికలు. ధవళేశ్వరంలో అయితే బ్యారేజీ దగ్గర నీటి ప్రవాహం 10, 13, 17 లక్షల క్యూసెక్కులు (సెకనుకి ఘనపుటడుగులు) అయినప్పుడు. అక్కడి మూడోది ఇక్కడి మూడోది కాదు. ఊరు, కొలమానం, టైము లేని వరద మెసేజీకి విలువ లేదు. అలాగని గట్టు దగ్గర ఇల్లుంటే తర్కం చూసుకుంటూ కూర్చోకు. అధికారులు ఖాళీ చెయ్యమంటే ముందు ఖాళీ చెయ్యి.

వీడియో వస్తే మూడు నాలుగు చోట్ల ఆపి స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో వెతుకు. బొమ్మలు వెతికే టిన్‌ఐ సైట్‌లో అయితే పాతవి ముందు వచ్చేలా పెట్టుకోవచ్చు. 2022 జులైలో భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది. ఆనాటి దృశ్యాలకి ఇవాళ్టి తేదీ తగిలించడం ఎంతసేపు? ఫార్వర్డ్ మీద రెండు బాణాల గుర్తు ఉంటే చాలా చేతులు మారిందని అర్థం. అబద్ధమని కాదు.

పెద్దల మాట సాక్ష్యంగా తేవడం తప్పని పట్టికల్లో రాస్తారు. సగమే నిజం. స్వర్ణ వరి వంగడాన్ని ఇచ్చిన మార్టేరు పరిశోధన కేంద్రం వరి గురించి చెబితే వినాలి. అదే కేంద్రం పేరు చెప్పి షుగరు వ్యాధికి కషాయం అమ్మితే వినక్కర్లేదు. అమ్మేవాడికి లాభం ఉందన్నది కూడా అనుమానించడానికే కారణం, అబద్ధమనడానికి రుజువు కాదు.

కుటుంబం గ్రూపులో మాత్రం ఎవర్నీ దిద్దకు. అందరి ముందూ తప్పన్నావంటే మీ పెద్దనాన్న పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. విడిగా ఫోన్ చేసి, "ఇది ఎక్కడ చూశారు? ఏం కనిపిస్తే ఇది తప్పని ఒప్పుకుంటారు?" అని అడుగు. రెండో ప్రశ్నకి జవాబు లేకపోతే సాగదియ్యకుండా మర్యాదగా కబుర్లు మార్చెయ్యి.

ఒక నోట్‌బుక్ పెట్టు. నువ్వు నమ్మినవే, ముఖ్యంగా నీకు నచ్చినవే రాయి: తేదీ, సంగతి, పదింట ఎంత నమ్మకం, ఏం జరిగితే తప్పని తేలుతుంది. ఎనిమిది నమ్మకం వేసినవన్నీ ఒకచోట చేర్చి కొన్ని నెలల తర్వాత లెక్క చూడు. పదింట ఎనిమిది దాకా నిజమవ్వాలి. అయిదే అయితే నమ్మకం ఎక్కువ వేస్తున్నావన్నమాట. సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆ నోట్‌బుక్ తెచ్చుకో, కూర్చుని చూద్దాం.

ఇట్లు
మావయ్య