పక్క తడిపే పిల్లాడి గురించి పెద్దమ్మ ఉత్తరం

అమ్మలూ,

ఏడేళ్లొచ్చినా బాబు ఇంకా పక్క తడుపుతున్నాడని, "నాలుగు తగిలిస్తే వాడే మానేస్తాడు" అని మీ అత్తగారు అంటున్నారని రాశావు. వాడి మీద చెయ్యి చేసుకోకు. పిల్లల వార్డులో ఇన్నేళ్లు నర్సుగా చేశాను, తిట్టడం వల్ల ఈ అలవాటు పోయిన పిల్లాడిని ఒక్కడినీ చూడలేదు. అసలు ఇది అలవాటే కాదు. రాత్రిపూట మూత్రాన్ని తగ్గించే హార్మోన్ కొందరికి ఇంకా చాలినంత తయారవదు. మూత్రాశయం నిండినా మెలకువ రాదు. ఐదేళ్ల పిల్లల్లో 100కి 15 మంది దాకా ఇలాగే ఉంటారు. అలాంటివాళ్లలో ఏటా దాదాపు 15 శాతం మందికి ఏ మందూ లేకుండానే తగ్గిపోతుంది. మీ ఆయన ఎన్నేళ్ల దాకా తడిపాడో అత్తగారిని నెమ్మదిగా అడిగి చూడు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉండి ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం 40 శాతం పైనే. ఆ జవాబు వచ్చాక ఇంట్లో గొడవ కాస్త సద్దుమణగొచ్చు.

నువ్వు రాత్రి సంగతి అంతా రాశావు గానీ పగటి సంగతి ఒక్క ముక్కా రాయలేదు. వాడు రోజూ దొడ్డికి సాఫీగా వెళ్తున్నాడా? గట్టిపడ్డ మలం నిలిచిపోతే పక్కనే ఉన్న మూత్రాశయాన్ని నొక్కేస్తుంది, అందులో చోటు తగ్గిపోతుంది. చాలామంది తల్లులకు ఈ ముడి తట్టదు. ముందు దీన్ని సరిచేస్తే, కొందరు పిల్లలకు వేరే వైద్యమే అక్కర్లేదు. రెండోది బడి. బాత్రూమ్ కంపుగా ఉందని పొద్దుట్నుంచి సాయంత్రం దాకా బిగబట్టుకునే పిల్లలు బోలెడుమంది. కాళ్లు మెలిపెట్టి నిలబడటం, చివరి నిమిషంలో పరుగెత్తడం చూస్తే అదే అనుకో. రెండు మూడు గంటలకోసారి పంపమని టీచరుకి చెప్పు, పదిమందిలో కాకుండా విడిగా.

నీళ్లు మాత్రం మాన్పించకు. వైజాగ్ ఉక్కకి పిల్లాడు ఊరికే వాడిపోతాడు, మలబద్ధకమూ పెరుగుతుంది. పగలు బాగా తాగించి, పడుకునే ముందు రెండు గంటలు తగ్గించు. కోలా, టీ వద్దు. నువ్వుల చిమ్మిలి పెడితే తగ్గుతుందంటారుగా, పెట్టు, రుచిగా ఉంటుంది. వైద్యం అని మాత్రం అనుకోకు.

ఒక శని, ఆదివారాలు కొలత గ్లాసులో పోయించి ఎన్ని మిల్లీలీటర్లో, ఎన్ని గంటలకో రాసిపెట్టు. వయసుకి ఒకటి కలిపి 30తో గుణిస్తే ఆ వయసుకి మూత్రాశయంలో ఎన్ని మిల్లీలీటర్లు పట్టాలో వస్తుంది. మీవాడికి 240. అంతకు బాగా తక్కువ వస్తుంటే ఆ కాగితం డాక్టరుకి చాలా పనికొస్తుంది. కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) పిల్లల ఓపీకి వెళ్లినా, మీ దగ్గరి పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లినా అది పట్టుకెళ్లు.

ఆరు నెలలు పొడిగా ఉండి మళ్లీ మొదలైతే మాత్రం ఆలస్యం చేయకు. విపరీతమైన దాహం, బరువు తగ్గడం ఉంటే ఆ రోజే షుగర్ చూపించు. మంట, జ్వరం, పగలంతా చుక్కలు చుక్కలుగా కారడం, నడుము కింద వెంట్రుకల కుచ్చు, పెద్ద గురక... వీటిలో ఏది ఉన్నా డాక్టరుకి చెప్పాలి.

ఇవేవీ లేకపోతే అలారం మంచిది. చెడ్డీకి తగిలిస్తే తడి తగలగానే మోగుతుంది. మొదట్లో వాడు తప్ప ఇల్లంతా లేస్తుంది! నువ్వే లేపి బాత్రూమ్ దాకా నడిపించాలి. వరసగా 14 రాత్రులు పొడిగా గడిచేదాకా వాడాలి, రెండు మూడు నెలలు పట్టొచ్చు. నిద్రలోనే ఎత్తుకెళ్లి పోయిస్తే దుప్పటి మిగులుతుందంతే. పరుపు మీద రబ్బరు షీటు వెయ్యి, వానాకాలంలో సముద్రగాలికి పరుపు తడిస్తే తొందరగా ఆరదు. తడిసిన దుప్పటి అపార్ట్‌మెంట్ ముందు బాల్కనీలో ఆరేయకు, వాడి స్నేహితులు కిందే ఆడుకుంటారు.

బడివాళ్ల అరకు టూరుకి పంపాలంటే రాత్రిపూట మూత్రాన్ని తగ్గించే డెస్మోప్రెసిన్ మాత్ర గురించి డాక్టరుని అడుగు. టూరుకి ముందే ఇంట్లో వేసి చూడాలి. మాత్రకి గంట ముందు నుంచి ఎనిమిది గంటల తర్వాత దాకా గుక్కెడు మించి నీళ్లు తాగకూడదు, తాగితే రక్తంలో సోడియం పడిపోయి ఫిట్స్ రావచ్చు. వాంతులు, విరేచనాలు, జ్వరం ఉన్న రాత్రి మాత్ర వేయొద్దని వెంట వెళ్లే టీచరుకి కాగితం మీద రాసివ్వు.

మీ పెద్దమ్మ