సస్పెన్షన్‌లో ఉండగా విద్యార్థులకు వీడ్కోలు ఉత్తరం రాయొచ్చా?

ప్రశ్న: ప్రభుత్వ యూనివర్సిటీలో ఇరవై మూడేళ్లుగా పాఠాలు చెబుతున్నాను. ఇంటర్నల్ మార్కుల్లో పక్షపాతం చూపానంటూ ఛార్జ్ మెమో ఇచ్చి, సస్పెండ్ చేశారు. ఇంకా జవాబివ్వలేదు. మనసు విరిగిపోయింది, రాజీనామా చేసేద్దామనుకుంటున్నాను. పోయేముందు ఫైనలియర్ పిల్లల వాట్సాప్ గ్రూపులో వీడ్కోలు ఉత్తరం పెట్టాలని ఉంది. దాని ప్రతి జతచేశాను. పెడితే ఏమైనా ఇబ్బందా?
- ఒక పాఠకుడు

జవాబు: పిల్లలకు వీడ్కోలు చెప్పడం తప్పు కాదు. మీరు పంపిన ఉత్తరాన్ని మాత్రం అలాగే పెట్టకండి. మొదటి పేజీ చదువుతుంటే మీ దగ్గర చదువుకోనందుకు నాకే బాధేసింది. రెండో పేజీకి వచ్చేసరికి అది వీడ్కోలు కాదు, ఛార్జ్ మెమోకు సంజాయిషీ. అందులో హెచ్‌ఓడీ పేరు పెట్టి 'కుట్ర' అన్నారు. 'ఫిర్యాదు చేసిన ఇద్దరూ ఎవరో మీకందరికీ తెలుసు' అని కూడా రాశారు. ఆ ఇద్దరూ రేపు విచారణలో సాక్షులు, ఆ గ్రూపులోనే ఉంటారు. సాక్షుల్ని ప్రభావితం చేయబోయారని అదనపు అభియోగం పెట్టడానికి ఆ ఒక్క వాక్యం చాలు. మార్కుల ఆరోపణ వీగిపోయినా, ఇది మీ సొంత రాతతోనే రుజువవుతుంది. పిల్లలు మీ మీద అభిమానంతో ధర్నాకు కూర్చుంటే, అదీ మీరే చేయించారంటారు.

సస్పెన్షన్ శిక్ష కాదు. మీరు ఇప్పటికీ ఉద్యోగే, ప్రవర్తనా నియమాలు ఇప్పటికీ వర్తిస్తాయి. హెచ్‌ఓడీ పరువు నష్టం కేసు వేయాలనుకుంటే భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షన్ ఎలాగూ ఉంది.

ముందు సస్పెన్షన్ ఆర్డరు తీసి చదవండి. విద్యార్థులతో మాట్లాడొద్దని అందులో ఉంటే ఏమీ పంపొద్దు. లేకపోతే, 'మిగిలిన యూనిట్లు వేరే సార్ చెబుతారు, నా నోట్సు డిపార్ట్‌మెంట్ లైబ్రరీలో ఉంది, పరీక్షలు బాగా రాయండి' అని మూడు ముక్కలు రాయండి. కేసు ఊసు వద్దు, 'రాజీనామా' అన్న మాట అసలే వద్దు.

నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది ఆ రాజీనామా సంగతే. విచారణ నడుస్తుండగా ఇచ్చిన రాజీనామాను యూనివర్సిటీ ఆమోదించకుండా పక్కన పెట్టొచ్చు, కాబట్టి కేసు నుంచి బయటపడతారన్న భరోసా లేదు. ఒకవేళ ఆమోదిస్తే నష్టం ఇంకా పెద్దది. 1980 నాటి ప్రభుత్వ పెన్షన్ నియమాల ప్రకారం రాజీనామా చేస్తే వెనకటి సర్వీసంతా పోతుంది. చాలా యూనివర్సిటీలు ఆ దారిలోనే నడుస్తాయి, మీ దగ్గర నిబంధనలేమిటో చూడండి. ఇరవై మూడేళ్ల సర్వీసును ఒక్క కాగితం మీద వదిలేసుకుంటారా? ఇప్పటికే ఇచ్చేసి ఉంటే, అది అమల్లోకి రాకముందే వెనక్కి తీసుకుంటున్నట్టు రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు తీసుకోండి.

విచారణ జరపకుండా ప్రభుత్వ ఉద్యోగిని తొలగించకూడదనే రాజ్యాంగంలోని 311వ అధికరణ రక్షణ యూనివర్సిటీ ఉద్యోగులకు ఉండదు. అలాగని దిక్కులేనివారు కారు. మీ వాదన వినకుండా చర్య తీసుకుంటే హైకోర్టులో రిట్ వేయొచ్చు. సస్పెన్షన్‌ను మూడు నెలలు దాటి పొడిగించాలంటే కారణాలు చూపిస్తూ ఉత్తర్వు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2015లో అజయ్ కుమార్ చౌదరి కేసులో చెప్పింది. విచారణ నివేదిక ప్రతిని శిక్ష వేయకముందే ఉద్యోగికి ఇవ్వాలన్నది 1993లో మన హైదరాబాద్ ఈసీఐఎల్ ఉద్యోగి కేసులోనే తేలింది. ఈలోగా జీవనభృతి (సస్పెన్షన్‌లో జీతం బదులు ఇచ్చే మొత్తం) నెలనెలా రావాలి. ఆపితే వెంటనే రిజిస్ట్రార్‌కు రాయండి.

మీకు మాటలు బాగా వచ్చు, వాటిని ఛార్జ్ మెమో జవాబులో వాడండి. మెమోలో ఇచ్చిన గడువు దాటకముందే, మిడ్ పరీక్షల జవాబు పత్రాలు, మార్కుల రిజిస్టరు, ఆ ఇద్దరి ఫిర్యాదు కాపీలు కావాలని రిజిస్ట్రార్‌కు అర్జీ పెట్టండి. అవి చేతికొచ్చాక పూర్తి జవాబు ఇస్తానని, అందుకు గడువు పొడిగించమని అందులోనే అడగండి.