నైట్ డ్యూటీలో పంపు ముట్టుకుంటే చేతులు వణుకుతున్నాయి.. ఉద్యోగం మానేయనా?

ప్రశ్న: నా వయసు 29. శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి సీసీయూలో (గుండె పేషెంట్ల ఐసీయూ) ఐదేళ్లుగా స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. నెలన్నర క్రితం, తెల్లవారుజామున నాలుగింటికి, ఒక పేషెంటుకి నారాడ్ (బీపీ పెంచే నారడ్రినలిన్ మందు) సిరంజి మార్చి, మందుని కొద్దికొద్దిగా ఎక్కించే పంపు మీద గంటకు 4.5 మి.లీ. కొట్టాల్సింది 45 కొట్టాను. ఆ రాత్రి నాకు ముగ్గురు పేషెంట్లు, అందులో ఒకరు వెంటిలేటర్ మీద. రెండు మూడు నిమిషాల్లో బీపీ 220 దాటి అలారం మోగింది, వెంటనే ఆపాను. పేషెంటుకి ఏమీ కాలేదు, తర్వాత డిశ్చార్జ్ కూడా అయ్యారు. నాకు మాత్రం మెమో ఇచ్చారు, రౌండ్స్‌లో అందరి ముందూ తిట్టారు. అప్పటి నుంచి పంపు ముట్టుకోవాలంటే భయం. ఇంట్లో పడుకున్నా మానిటర్ మోగుతున్నట్టే ఉంటుంది. లేచి వార్డుకి ఫోన్ చేసి రేటు ఎంత ఉందో అడుగుతున్నాను, పగలు నాలుగైదుసార్లు. మా ఆయన పైడిభీమవరంలో మందుల కంపెనీలో షిఫ్టుల్లో పనిచేస్తారు. ‘మానేసి పాపని చూసుకో’ అంటున్నారు. మా అత్తగారైతే పెళ్లయినప్పటి నుంచీ ‘రాత్రిపూట ఆడదానికి ఏటి ఉజ్జోగం’ అంటూనే ఉన్నారు. పాపకి మూడేళ్లు. నేను ఈ పనికి పనికిరానా?
– ఒక సోదరి, శ్రీకాకుళం

జవాబు: పనికిరారని చెప్పడానికి మీ ఉత్తరంలో ఆధారమేమీ కనిపించలేదమ్మా. అలారం మోగగానే గుర్తించారు, ఆపారు, దాచిపెట్టలేదు. తప్పు మీ చేతి మీదుగానే జరిగింది, దాన్ని కాదనడం మీకు మేలు చేయదు. అయితే అది జరగడానికి దారులు చాలా ఉన్నాయి. వెంటిలేటర్ మీద ఉన్న పేషెంటుకి ఒక నర్సు పూర్తిగా ఉండాలన్నది ఐసీయూల్లో సాధారణంగా ఒప్పుకునే లెక్క. మీకు ఆయనతో పాటు మరో ఇద్దరు. మనిషి చురుకుదనం బాగా పడిపోయే వేళ తెల్లవారుజామున మూడు నుంచి ఐదు. పంపు మీద అంకెని సరిచూసే రెండో మనిషి లేరు. మానడమా ఉండడమా అన్నది ఈ నెలలో తేల్చకండి. ముందు మూడు పనులున్నాయి: పంపు దగ్గర రెండో కన్ను, నిద్ర, ఈ భయానికి చికిత్స. మూడు నెలలు ఇవి చేసి చూశాక ఆ మాట ఆలోచించుకోవచ్చు.

పంపు సంగతి మీకు తెలిసినదే అయినా వివరంగా రాస్తాను, ఎందుకంటే మీ భయం అంతా అక్కడే ఉంది. 50 మి.లీ. సిరంజిలో 4 మి.గ్రా. నారాడ్ కలిపితే మి.లీ.కి 80 మైక్రోగ్రాములు. 60 కిలోల మనిషికి నిమిషానికి, కిలోకి 0.1 మైక్రోగ్రాము అంటే గంటకు 4.5 మి.లీ. అదే 45 అంటే కిలోకి 1 మైక్రోగ్రాము, సరిగ్గా పది రెట్లు. మీ యూనిట్‌లో ఎలా కలుపుతారో దాని ప్రకారం ప్రతి బెడ్‌కీ ఒక చిన్న పట్టీ రాసి పంపుకి అంటించండి: పేషెంటు బరువు, 0.05కి ఎంత, 0.1కి ఎంత, 0.2కి ఎంత. ఈ పట్టీ ఎదురుగా ఉంటే 45 అన్న అంకె చూడగానే చేయి ఆగుతుంది. అంకె కొట్టాక స్టార్ట్ నొక్కే ముందు ‘నాలుగు పాయింట్ ఐదు’ అని పైకి చదవండి. పక్క బెడ్ సిస్టర్ వచ్చి పంపు తెర చూసి, తనూ చదివి, చార్టులో సంతకం పెట్టాలి. ‘సరిగానే ఉందా?’ అని మీరు అడిగితే ‘ఆఁ’ అనేస్తారు. ‘ఎంత ఉందో చదువు’ అనండి. మీ పంపులో గరిష్ఠ రేటు పెట్టుకునే వీలుంటే యంత్రాలు చూసే బయోమెడికల్ వాళ్లతో పెట్టించండి. సిరంజి మార్చాక మొదటి ఐదు నిమిషాలు బెడ్ దగ్గరే ఉండండి. ఆర్టీరియల్ లైన్ (ధమనిలో పెట్టి బీపీని ఎప్పటికప్పుడు చూపే గొట్టం) లేకపోతే బీపీ కఫ్‌ని రెండు నిమిషాలకోసారి కొలిచేలా పెట్టండి.

ఆ రోజు పేషెంటు ఎందుకు తేరుకున్నారో కూడా గుర్తుంచుకోండి. నారాడ్ శరీరంలో ఒకటి రెండు నిమిషాల్లోనే సగానికి తగ్గుతుంది, అందుకే ఆపగానే బీపీ దిగింది. మళ్లీ ఎవరికైనా ఇలా జరిగితే ఆపాక ఆ లైన్‌ని ఫ్లష్ చేయకూడదు, గొట్టంలో మిగిలిన మందు ఒక్కసారిగా లోపలికి వెళ్తుంది.

నిజానికి నారాడ్ కంటే, మానిటర్ చెప్పని తప్పులకే ఎక్కువ జాగ్రత్త కావాలి. రక్తం గడ్డకట్టకుండా ఆపే హెపారిన్ 5 మి.లీ. వయల్ రెండు బలాల్లో వస్తుంది, ఒకదానిలో మొత్తం 5,000 యూనిట్లు, ఇంకోదానిలో 25,000. వయల్ సైజు ఒకటే, అలారం మోగదు, గంటల తర్వాత రక్తం కారినప్పుడు తెలుస్తుంది. పొటాషియం క్లోరైడ్ 10 మి.లీ. ఆంప్యూల్‌లో 20 మిల్లీ ఈక్వివలెంట్లు ఉంటాయి, నేరుగా ఎక్కిస్తే గుండె ఆగుతుంది. మీ ఆసుపత్రికి ఉద్దానం వైపు నుంచి, కవిటి, సోంపేట, పలాస నుంచి కిడ్నీ దెబ్బతిన్న గుండె పేషెంట్లు వస్తూనే ఉంటారు కదా. వాళ్లకి పొటాషియం ఇంకా ప్రమాదం, హెపారిన్ లాంటిదే అయిన ఎనాక్సాపారిన్ కూడా లోపల పేరుకుపోతుంది. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ చూడకుండా ఈ రెండూ వేయకూడదు. ఇన్సులిన్‌కి 40 యూనిట్ల వయల్, 100 యూనిట్ల సిరంజి కలిస్తే మోతాదు ఎంత తప్పుతుందో మీకు చెప్పక్కర్లేదు. నారాడ్ లాంటి మందులు, హెపారిన్, పొటాషియం, ఇన్సులిన్, ఈ నాలుగింటికీ ఇద్దరి సంతకం తప్పనిసరి చేయమని నర్సింగ్ సూపరింటెండెంట్‌కి కాగితం మీద రాసి ఇవ్వండి.

మెమోకి జవాబు ఇవ్వకపోతే వెంటనే ఇవ్వండి. టైము, పెట్టాల్సిన రేటు, పెట్టిన రేటు, బీపీ అంకెలు, ఎప్పుడు ఆపారు, ఏ డాక్టరుకి ఎప్పుడు చెప్పారు, ఆ షిఫ్టులో పేషెంట్లెందరు, నర్సులెందరు. ఒక పేజీ చాలు. క్షమాపణలు, కన్నీళ్లు, ఇతరుల మీద నిందలు అందులో వద్దు. కేస్ షీటులో అప్పుడు రాసినది ఇప్పుడు దిద్దకండి. జవాబు కాపీ మీద రిసీవ్డ్ సంతకం తీసుకుని ఇంట్లో దాచుకోండి. అందరి ముందు తిట్టడం వల్ల జరిగేది ఒక్కటే, రేపు ఇంకో అమ్మాయి తప్పు జరిగితే చెప్పకుండా దాచేస్తుంది. ఆ సంగతి మీ పెద్ద డాక్టర్లకి తెలియకపోవడం ఆశ్చర్యమే.

ఇక ఇంటి నుంచి ఫోన్ చేయడం. ఫోన్ చేసిన ప్రతిసారీ ఓ గంట ప్రశాంతంగా ఉంటుంది, తర్వాత భయం రెట్టింపై వస్తుంది. అవునా? అడిగి సర్ది చెప్పుకునే కొద్దీ మనసు ఇంకా ఇంకా అడగమంటుంది. కాబట్టి పరిశీలన అంతా హ్యాండోవర్‌లోనే, అంటే షిఫ్టు అప్పగించేటప్పుడే, ముగించండి. కుర్చీలో కూర్చుని చెప్పకుండా బెడ్ పక్కనే చేయండి. పేషెంటు చేతి దగ్గర మొదలుపెట్టి గొట్టాన్ని పంపు దాకా, సిరంజి లేబుల్ దాకా వేలితో పట్టుకుంటూ వెళ్లండి. ప్రతి పంపు రేటూ వచ్చిన సిస్టర్ చదివి సంతకం పెట్టాలి. మొదటి వారం పడుకునే ముందు ఒక్క ఫోన్ మాత్రం చేసుకోండి. రెండో వారం అదీ వద్దు. మొదటి మూడు నాలుగు రోజులు చాలా కష్టంగా ఉంటుంది, తర్వాత తగ్గుతుంది.

చెవుల్లో మోగే అలారం గురించి: డ్యూటీలో అనవసరంగా మోగేవి తగ్గిస్తే కొంత ఊరట. ఈసీజీ ఎలక్ట్రోడ్లు రోజుకోసారి మార్చండి. మన ఉక్కపోతకి చెమటతో అవి త్వరగా ఊడతాయి, చర్మం పొడిగా తుడిచి అంటించండి. గుండె ఎప్పుడూ నిమిషానికి 125 సార్లు కొట్టుకునే పేషెంటుకి 120 దగ్గర హద్దు పెడితే రాత్రంతా మోగుతూనే ఉంటుంది. డాక్టర్‌ని అడిగి ఒక్కో పేషెంటుకి తగ్గట్టు హద్దులు మార్చించండి.

అయినా నెల దాటాక కూడా సంఘటన కళ్ల ముందు తిరగడం, నిద్రలో ఉలిక్కిపడడం, చేతులు వణకడం ఉన్నాయి కాబట్టి మానసిక వైద్యుడిని కలవాల్సిందే. వైద్యంలో పొరపాటు జరిగితే, చేసినవాళ్లు కూడా దెబ్బతింటారని ఆల్బర్ట్ వూ అనే వైద్యుడు 2000లోనే రాశాడు. అప్పటి నుంచి దీని మీద చాలా పని జరిగింది, మీది వింత జబ్బేమీ కాదు. మన ఊళ్లో, జనం ఇప్పటికీ రిమ్స్ అని పిలిచే ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో చూపించుకోవచ్చు. తెలిసినవాళ్లు చూస్తారనుకుంటే 14416కి ఫోన్ చేయండి, అది టెలి మానస్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. విశాఖ వెళ్లి చూపించుకున్నా సరే. ‘చినవాల్తేరు (విశాఖలో మానసిక ఆసుపత్రి ఉన్న చోటు) వెళ్లొచ్చింది’ అంటారన్న భయంతో నిద్రమాత్రలు వార్డు స్టాకులోంచి తెచ్చుకుని మింగడం మాత్రం వద్దు. డాక్టర్ దగ్గర నైట్ డ్యూటీ సంగతి ముందే చెప్పండి, మందు వేళలు దాన్నిబట్టి మారతాయి.

ఇప్పుడు మీ ఆయన. ఆయనకి ఈ విషయం మీరనుకునే దానికంటే బాగా అర్థమవుతుంది. మందుల కంపెనీలో బ్యాచ్ రికార్డు ఎలా ఉంటుందో ఆయన్నే అడగండి. ఒక పొడి తూచినా ‘చేసినవారు’ సంతకం ఒకటి, ‘సరిచూసినవారు’ సంతకం ఒకటి ఉంటాయి. తేడా వస్తే మనిషిని తిట్టి ఊరుకోరు, ఎందుకు వచ్చిందో విచారణ రాస్తారు. ‘మా వార్డులో ఆ రెండో సంతకం లేదు, దానికోసం అడుగుతున్నాను’ అని చెప్పండి. ‘మానేయ్’ అన్న మాట వెనక ఉన్నది మీకేమవుతుందోనన్న భయమే కావచ్చు. దానికి మూడు నెలల గడువు అడగండి.

నెల మొదట్లో ఇద్దరి షిఫ్టు చార్టులూ పక్కపక్కన పెట్టి, ఇద్దరూ రాత్రి ఇంట్లో లేని రోజులకి ఎర్ర గీత గీయండి. ఆ రోజుల్ని మార్పించుకోవడానికి ఇన్‌ఛార్జి సిస్టర్‌ని అప్పుడే అడగాలి, ముందురోజు అడిగితే కుదరదు. వరుసగా మూడు నాలుగు నైట్లకి మించి వద్దని చెప్పండి. నైట్లో రెండింటి ప్రాంతంలో, మీ పేషెంట్లని ఒకరికి అప్పగించి, ఇరవై నిమిషాలు కళ్లు మూసుకోండి. మూడు దాటాక టీ తాగకండి, పొద్దున్న నిద్ర చెడుతుంది. కళ్లు మూతలు పడుతుంటే డే అండ్ నైట్ జంక్షన్ మీదుగా స్కూటీ నడపకండి, ఆటోలో రండి.

అత్తగారితో వాదన పెట్టుకోవద్దు. ‘ఆడదానికి రాత్రి ఉజ్జోగం’ అన్న మాటకి జవాబు చెప్పే కొద్దీ అది పెరుగుతుంది. ఆవిడ పాపని రాత్రిళ్లు పడుకోబెడుతున్నారు కదా, ఆ సాయాన్ని చుట్టాల ముందు పేరు పెట్టి చెప్పండి. తర్వాత ఒక్కటే అడగండి: ‘అత్తా, నైట్ చేసి వచ్చిన రోజు పొద్దున్న తొమ్మిది నుంచి ఒంటి గంట దాకా నన్ను లేపొద్దు, పాప ఏడ్చినా మీరే చూడండి, ఒంటి గంట తర్వాత పాప నాది.’ గంటలు కచ్చితంగా చెబితేనే పని జరుగుతుంది. ‘కాస్త పడుకోనివ్వండి’ అంటే జరగదు. ఈ మాట మీ ఆయన నోటి నుంచి వస్తే ఇంకా మంచిది.

మూడు నెలలు గడిచాక కూడా సీసీయూ వద్దనిపిస్తే మారండి, అందులో ఓటమి ఏమీ లేదు. మన జిల్లాలో డయాలసిస్ యూనిట్లకి నర్సుల అవసరం ఎక్కువే, కానీ అక్కడా హెపారిన్, పొటాషియం ఉంటాయని మరచిపోకండి. క్యాత్ ల్యాబ్‌లో (యాంజియోగ్రామ్, స్టెంట్లు చేసే గది) పగటి పని ఎక్కువ, కాకపోతే అర్ధరాత్రి గుండెపోటు కేసు వస్తే పిలుస్తారు. పాప చిన్నది కాబట్టి ఓపీడీ, నర్సింగ్ స్కూల్ కూడా చూడొచ్చు. ఎక్కడికి మారినా మెమో విషయం తేలాకే రాజీనామా ఇవ్వండి. నోటీసు గడువు పూర్తి చేయండి, ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గర ఉంటే ముందుగా తెచ్చుకోండి. ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్‌లో ‘స్టాఫ్ నర్స్’ అని మాత్రమే రాస్తే ఒప్పుకోకండి, ‘సీసీయూలో ఐదేళ్లు’ అని తేదీలతో సహా రాయించుకోండి.