ఎన్‌బీఏ డ్రాఫ్టులో గొప్ప ఎంపిక, ఘోరమైన ఎంపిక: పోర్ట్‌లాండ్‌లో నేను చూసినవి

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ డ్రాఫ్టులో మొదటి వంతుల్లో ఎంపికైన ఆటగాళ్లలో ఎవరి ఎంపిక గొప్పది, ఎవరిది ఘోరమైనది అని అడిగారు. రెండో ప్రశ్నకు చాలామంది 2007లో పోర్ట్‌లాండ్ జట్టు ఎంచుకున్న గ్రెగ్ ఓడెన్ పేరు చెబుతారు. నేను చెప్పను. 2007 నుంచి పన్నెండేళ్లు పోర్ట్‌లాండ్ పక్కనే హిల్స్‌బరోలో ఉన్నాను. ఆ జట్టు సంబరాలూ చూశాను, కన్నీళ్లూ చూశాను.

ఈ ఆట కొత్తవారికి ఒక మాట. డ్రాఫ్టు ఐపీఎల్ వేలం లాంటిది కాదు, ఇక్కడ డబ్బు పాడుకోవడం ఉండదు. ఏటా కాలేజీల నుంచి, విదేశాల నుంచి వచ్చే కొత్త ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకుంటాయి. ముందటి సీజన్‌లో వెనకబడిన జట్ల మధ్య లాటరీ తీసి తొలి వంతులు ఇస్తారు.

నేను వెళ్లిన ఏడాదే ఆ లాటరీలో మొదటి వంతు పోర్ట్‌లాండ్‌కు దక్కింది. గెలిచే అవకాశం వందలో 5.3 పాళ్లు మాత్రమే. ఆఫీసు భోజనాల దగ్గర నెల రోజులపాటు ఒకటే చర్చ: ఒహాయో స్టేట్ నుంచి వస్తున్న ఏడడుగుల ఓడెనా, టెక్సస్ కుర్రాడు కెవిన్ డ్యురాంటా? ఆ ఊరి వాళ్లలో ఎక్కువమంది ఓడెన్ వైపే ఉన్నారు. అందుకు కారణం ఉంది. పోర్ట్‌లాండ్ చరిత్రలో ఉన్న ఒకే ఒక్క టైటిల్, 1977 నాటిది, ఓడెన్‌లాగే సెంటర్, అంటే బుట్ట దగ్గర ఆడే పొడవాటి ఆటగాడైన బిల్ వాల్టన్ చలవతో వచ్చింది. అతడూ 1974 డ్రాఫ్టులో తొలి ఎంపికే. ఓడెన్‌ను తీసుకున్నాక నగరం నడిబొడ్డున పయనీర్ కోర్ట్‌హౌస్ స్క్వేర్‌లో వేలమంది చేరి అతనికి స్వాగతం పలికారు. నేనూ నా గుంటూరు స్నేహితుడూ ఆ గుంపులో ఉన్నాం. ఆట గురించి సగమే తెలిసినా గొంతు పోయేలా అరిచాను.

సెప్టెంబరులో అతని కుడి మోకాలికి శస్త్రచికిత్స జరిగింది. మొదటి సీజన్ మొత్తం పోయింది. మరుసటి ఏడాది అక్టోబరులో లేకర్స్ మీద తొలి మ్యాచ్ ఆడితే అందులోనే పాదానికి దెబ్బ. 2009 నాటికి కుదురుకున్నాడు. ఆ సీజన్‌లో 21 మ్యాచ్‌లు ఆడి, మ్యాచ్‌కు 24 నిమిషాల లోపు ఆటతోనే సగటున 11.1 పాయింట్లు, 8.5 రీబౌండ్లు (గురి తప్పిన బంతిని అందుకోవడం) సాధించాడు. డిసెంబరు 5న హ్యూస్టన్‌తో మ్యాచ్‌కు మ్యాక్స్ అనే సిటీ రైల్లో రోజ్ గార్డెన్ స్టేడియానికి వెళ్లాం. మొదటి క్వార్టర్‌లోనే ఒక షాట్ ఆపడానికి ఎగరబోయి కుప్పకూలాడు. ఎడమ మోకాలి చిప్ప విరిగింది. స్ట్రెచర్ మీద తీసుకెళుతుంటే అంత పెద్ద స్టేడియంలో ఎవరి నోటా మాట లేదు. తిరుగు ప్రయాణంలో రైలు నిండా జనం, అయినా అదే మౌనం.

పోర్ట్‌లాండ్ తరఫున అతడు ఆడినవి మొత్తం 82 మ్యాచ్‌లు. సరిగ్గా ఒక సీజన్ లెక్క. అవతల డ్యురాంట్ 2014లో లీగ్ అత్యుత్తమ ఆటగాడయ్యాడు, తర్వాత గోల్డెన్ స్టేట్‌తో రెండు టైటిళ్లు గెలిచాడు. అయినా ఓడెన్ ఎంపికను ఘోరమైనదని నేను అనలేను. ఆ రోజు చేతిలో ఉన్న సమాచారంతో చాలా జట్లు అదే పని చేసేవి. ఎంపికను ఎంచుకున్న రాత్రి తెలిసిన విషయాలతోనే తూచాలి. తర్వాత విరిగిన ఎముకతో తూచడం న్యాయం కాదు.

ఆ తూకంలో వేస్తే 1984 దోషం చాలా పెద్దది. హ్యూస్టన్ మొదటి వంతులో హకీమ్ ఒలాజువాన్‌ను తీసుకుంది, అందులో తప్పేమీ లేదు. రెండో వంతు పోర్ట్‌లాండ్‌ది. వాళ్లు కెంటకీ కాలేజీకి సెంటర్‌గా ఆడిన శామ్ బౌయీని తీసుకున్నారు. మూడో వంతులో షికాగోకు మైకేల్ జోర్డాన్ దొరికాడు. కాలి ఎముక విరగడం వల్ల బౌయీ కాలేజీలోనే రెండు సీజన్లు ఆటకు దూరమయ్యాడు. అది అందరికీ తెలిసిన సంగతి. పైగా జోర్డాన్‌ను వదులుకోవడానికి వాళ్లు చూసుకున్న కారణం, ఆ స్థానంలో ఆడే క్లైడ్ డ్రెక్స్‌లర్ ముందే జట్టులో ఉండటం. మనిషిలోని ప్రతిభను చూడకుండా జట్టులోని ఖాళీని చూసి ఎంచుకున్నారు. నా దృష్టిలో అసలు తప్పు అదే. బౌయీని నిందించను, అతడు పాడైన కాళ్లతోనే పది సీజన్లు లీగ్‌లో నిలబడ్డాడు. మా పక్కింటి పెద్దాయన 1992 ఫైనల్స్ గురించి చెప్పేటప్పుడు ఆయన గొంతు అప్పటికీ మారిపోయేది. మొదటి మ్యాచ్ తొలి సగంలోనే జోర్డాన్ పోర్ట్‌లాండ్ మీద 35 పాయింట్లు కొట్టాడు.

2009లో మినెసోటా ఐదు, ఆరు వంతుల్లో వరసగా ఇద్దరు పాయింట్ గార్డులను (ఆటను నడిపించేవాళ్లను) తీసుకుని, ఏడో వంతుకు స్టీఫెన్ కరీని వదిలేసింది. అదీ ఇలాంటి పొరపాటే. 2003లో డెట్రాయిట్ రెండో వంతులో డార్కో మిలిచిచ్‌ను ఎంచుకోవడం కూడా. ఆ వెంటనే వెళ్లినవాళ్లు కార్మెలో ఆంథొనీ, క్రిస్ బాష్, డ్వేన్ వేడ్.

ఇక గొప్ప ఎంపిక. ఫలితమే కొలత అయితే 1997లో శాన్ ఆంటోనియో తీసుకున్న టిమ్ డంకన్: ఒకే జట్టులో 19 సీజన్లు, ఐదు టైటిళ్లు. కానీ ఆ రాత్రి మొదటి వంతు ఎవరికి వచ్చినా అతన్నే తీసుకునేవారు. అది లాటరీ అదృష్టం. చూపు కావలసిన ఎంపిక నాకు తెలిసి డేమియన్ లిలార్డ్‌ది.

2012 మార్చి 15 నాకు బాగా గుర్తు. ఆఫీసులో ఉండగా ఫోనులో వార్తలు ఒకదాని మీద ఒకటి వచ్చిపడ్డాయి. కోచ్‌ను తీసేశారు. ఓడెన్‌ను వదిలేశారు. జెరాల్డ్ వాలెస్‌ను న్యూజెర్సీ నెట్స్‌కు ఇచ్చేశారు. బదులుగా వచ్చినవాటిలో ముఖ్యమైనది ఆ ఏడాది డ్రాఫ్టులో నెట్స్‌కు రావలసిన తొలి రౌండు వంతు, అదీ మొదటి మూడింటిలో పడకపోతేనే. జట్టు చితికిపోయిందనుకుని దిగులుపడ్డాను. ఆ వంతు ఆరో స్థానంలో పడింది. దానితో యూటాలోని వెబర్ స్టేట్ అనే చిన్న కాలేజీలో నాలుగేళ్లు ఆడిన లిలార్డ్‌ను తెచ్చుకున్నారు. బలమైన జట్లతో ఆడిన అనుభవం లేదని సందేహపడినవాళ్లు అప్పుడు చాలామందే. మరుసటి ఏడాది అతడు ఏకగ్రీవంగా ఉత్తమ కొత్త ఆటగాడయ్యాడు. 2014 మే 2న హ్యూస్టన్ మీద 0.9 సెకన్లు మిగిలి ఉండగా బంతి అందుకుని మూడు పాయింట్ల షాట్ వేశాడు. 2000 తర్వాత పోర్ట్‌లాండ్ ప్లేఆఫ్ (సీజన్ చివరి నాకౌట్ దశ) సిరీస్ గెలవడం అదే మొదటిసారి. నా స్నేహితుడు నన్ను పట్టుకుని ఏడ్చేశాడు. 2009లో నాతో పాటు ఆ మౌనపు రైల్లో కూర్చున్నవాడే.

నేను ఆ ఊరు వదిలాక, 2022 డిసెంబరులో, లిలార్డ్ పోర్ట్‌లాండ్ తరఫున అత్యధిక పాయింట్లు సాధించిన ఆటగాడయ్యాడు. అతడు దాటిన రికార్డు క్లైడ్ డ్రెక్స్‌లర్‌ది.